పోర్టు ఇంజను, పిన్ని చెరువు

ఓడ రేవులో ఆగితే దాని ఇంజన్లు కూడా ఆగిపోతాయని చాలామంది అనుకుంటారు. ఉద్యోగంలో చేరేదాకా నేనూ అలాగే అనుకున్నాను. ఆగవు. సరుకు ఎక్కించి దించినన్నాళ్ళూ ఓడలో దీపాలు వెలగాలి, పంపులు తిరగాలి, వంటవాడి పొయ్యి వేడెక్కాలి. వాటికి కావలసిన కరెంటు ఓడే తయారు చేసుకుంటుంది, డీజిలు తాగుతూ, పొగ వదులుతూ. ఇప్పుడు మా పోర్టులో ఒడ్డు నుంచే లావుపాటి కేబులు ఒకటి ఓడకి తగిలించి ఆ ఇంజన్లు ఆపించేస్తున్నాం. ఆ కేబులు పని నాది. ఎలక్ట్రికల్ ఇంజనీరుని.

మొదటిసారి ఒక బియ్యం ఓడ మా కేబులు అందుకుని తన ఇంజను ఆపేసిన రోజు ఒడ్డున ఉన్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. గొట్టం మీద మిగిలిన పొగ కాస్త తేలి చెదిరిపోయింది. అంత పెద్ద ఓడ కిక్కురుమనకుండా నిలబడేసరికి, దాని పక్కలకి నీళ్ళు తగిలే చప్పుడు వినపడింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ చప్పుడు నేను విననే లేదు. సంతోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవలసిన అవసరం కూడా కనపడలేదు.

ఆ మర్నాటి నుంచీ నా చెవులు పాడయ్యాయి. ఎక్కడ ఇంజను ఆడుతున్నా నాకే వినపడడం మొదలైంది. అంతకుముందు పోర్టు నుంచి అమలాపురం బస్సెక్కితే ఎదుర్లంక వంతెన వచ్చేదాకా హాయిగా నిద్రపోయేదాన్ని. ఇప్పుడు కిటికీ అద్దం పక్కకి జరిపి కూర్చుని ఐసు ఫ్యాక్టరీ ఇంజనుని, చేలో నీళ్ళ ఇంజనుని, పెళ్ళిపందిరి వెనకాల జనరేటరుని, రొయ్యల చెరువుల గట్ల మీద వరసగా మోగే జనరేటర్లని వింటూ వచ్చేదాన్ని. ఇంటికి చేరినా స్థిమితం ఉండేది కాదు. ఒకరోజు మిక్సీ ఆపమని మా ఆయన మీద కసురుకున్నాను. ఆయన కొబ్బరి పచ్చడి గిన్నె పట్టుకుని, “ఇంతకీ ఇది తినచ్చాండీ, పర్మిషను కావాలాండీ మేడంగారూ?” అన్నారు. నాకు నవ్వు రాలేదు.

మా కోనసీమలో ఇంజనుకి చావు లేదు. లారీ మూలపడితే దాని ఇంజను పడవలోకి వెళుతుంది. పడవ చివికిపోతే అదే ఇంజను చేలో నీళ్ళు తోడుతుంది. అదీ చేతకాని రోజున బెల్టు తగిలించి ఐసు కొట్టే మిషను తిప్పిస్తారు. ఆఖరికి దాని చక్రం ఏ కొట్టు ముందో గొడుగు పాతుకోవడానికి దిమ్మగా మిగులుతుంది. కొబ్బరికాయలో పీచూ చిప్పా కూడా పారెయ్యని మనుషులు నిక్షేపంలాంటి ఇంజనుని పారేస్తారా? ఈ సంగతి నేను కూడా నలుగురిలో గొప్పగా చెప్పుకునేదాన్ని. పోర్టువాళ్ళు పాత జనరేటర్లు వేలానికి పెట్టేదాకా.

కొత్త సబ్‌స్టేషను వచ్చాక యార్డులో ఉన్న మూడు పెద్ద డీజిలు జనరేటర్లతో పని లేకపోయింది. వాటిలో రెంటిని వేలం వేశారు. మా ఆవరణలోంచి అవి వెళ్ళిపోగానే పోర్టు పొగ అంత మేరకు తగ్గిపోయిందని కాగితాల మీద రాసుకున్నాం, మిఠాయిలు తిన్నాం. కొన్నాళ్ళకి రాజోలు దాటి పిన్ని ఊరు వెళుతూ ఆటోలో ఉన్నాను. ఊరి పొలిమేరలో రోడ్డు పక్క చెరువు గట్టున ఒక గొంతు వినపడింది. ఎక్కడ విన్నా నాకు తెలిసే గొంతు. ఆటో ఆపించి దిగాను. పసుపు రంగు, దాని మీద తెల్లటి అంకెలు, మా పోర్టు అంకెలే. మా దగ్గర బూడిదరంగు పొగ వదిలేది, ఇక్కడ కాటుక వదులుతోంది.

చెరువు ఆసామి లుంగీ దించి మర్యాదగా ఎదురొచ్చారు. “మీ పోర్టుదేనండి. బంగారంలాంటి ఇంజనండి, ఆయ్. ఇంకోటి ఉంటే చెప్పండమ్మా, మా బావగారు కూడా అడుగుతున్నారు” అన్నారు. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి నాకు కారణం దొరకలేదు. అందుకే నా మీద నాకు వచ్చింది. మేము తగ్గించామని చెప్పుకున్న పొగ ఇల్లు మారింది, అంతే.

మర్నాడు మీటింగులో గొంతు పెంచాను. ఇక మీద పోర్టు నుంచి ఏ ఇంజను బయటికి వెళ్ళినా పాత ఇనుము కిందే వెళ్ళాలని, వెళ్ళేముందు దాని సిలిండరు దిమ్మకి డ్రిల్లుతో బెజ్జం పెట్టాలని, మళ్ళీ ఎవరూ దాన్ని ఆడించలేకుండా చెయ్యాలని పట్టుబట్టాను. వేరే చోట్ల ఇలా చేస్తారని కూడా చెప్పాను. సగం మంది టీ చల్లారిపోతోందని ఒప్పుకున్నారు. నిబంధన నా చేతులతోనే రాశాను. అప్పటికి యార్డులో ఒకే ఒక్క ఇంజను మిగిలింది. మూడింటిలోకీ మంచిది అదే.

ఇక మా పిన్ని. అమ్మకి చెల్లెలు. ఇంటరు రెండేళ్ళూ నేను ఆవిడ ఇంట్లోనే ఉండి రాజోలులో చదువుకున్నాను. రోజూ నా క్యారేజీలో కింద గిన్నెలో కూర దాచి, పైన గిన్నెలో పచ్చడి పెట్టేది, స్నేహితురాళ్ళు మూత తీస్తే పచ్చడే కనపడాలని. బాబాయి పోయిన తర్వాత రొయ్యల చెరువు ఆవిడే చూసుకుంటోంది. మేత వెయ్యడం దగ్గర్నుంచి కొనేవాళ్ళతో బేరం దాకా అన్నీ ఆవిడే. బాబాయి తమ్ముళ్ళకి అది నచ్చలేదు. ఆడమనిషి గట్ల మీద తిరగడమేమిటని పైకి అనేవారు. చెరువు ఒక పెద్ద ఆసామికి లీజుకి ఇచ్చేద్దామని వాళ్ళ ఆలోచన. అంతకుముందు పంట దెబ్బతింది. ఈ పంట కూడా పోతే చెరువు వాళ్ళు చెప్పినట్టు వదిలేస్తానని పిన్ని పదిమందిలో ఒప్పుకుని వచ్చింది. నిలబడితే మళ్ళీ ఎవరూ నోరెత్తకూడదు.

రొయ్యల చెరువులో నీటిని చిలికే ఫ్యాన్లు తిరుగుతూ ఉండాలి. అవి ఆగితే నీళ్ళలో గాలి తగ్గి రొయ్య ఊపిరాడక పైకి తేలిపోతుంది. పిన్ని చెరువుకి వచ్చే కరెంటు తీగ పొడుగునా కొబ్బరితోటల మధ్య నుంచి వస్తుంది. గాలి వీచిందంటే ఏదో ఒక మట్ట తీగ మీద పడాల్సిందే. అప్పుడు దిక్కు జనరేటరు. పిన్ని జనరేటరు ముసలిది. దగ్గి దగ్గి ఒక పట్టాన అందుకునేది కాదు.

చింతకాయ పులుసు వడ్డిస్తూ పిన్ని అడిగింది. “ఏవే, మీ పోర్టులో పసుప్పచ్చ ఇంజనొకటి మిగిలిపోయిందంట గదా. తుక్కు కొనేవాడు చెప్పేడు. ఇనుము కింద పోయేదేదో పిన్నికి ఇప్పించకూడదేంటే? ఊరికే ఇమ్మనట్లేదులే. వేలంలో నేనే పాడుకుంటాను.”

దానికి బెజ్జం పెట్టాలన్న నిబంధన నేనే రాశానని అప్పుడు చెప్పి ఉండాల్సింది. మావైపు ఎదుటివాళ్ళ మొహం మీద లేదనడం ఎవరూ నేర్పరు. అన్నం కలుపుకుంటూ, పులుసు బాగా కుదిరింది పిన్నీ అన్నాను. ఆవిడ ఇంకో గరిటె పోసి, “నువ్వున్నావు గదా, నాకేం బెంగ” అంది.

మా మేనేజరుగారికి చెప్పాను. నెమ్మదైన మనిషి. ఎవరినీ గట్టిగా ఒక మాట అనరు. అంతా విని, “మీ పిన్నిగారికే గదండీ. బెజ్జం పెట్టేమని కాగితం మీద రాసేద్దామండి. తుక్కువాడికి నేను చెప్తాను. ఎవరొచ్చి చూస్తారండీ?” అన్నారు. నేను కుర్చీలోంచి లేవబోతే, “సంతకం మీరు పెట్టండి, నేనూ పెడతాను. మనిషన్నాక మనవాళ్ళని చూసుకోవాలి గదండీ” అన్నారు. చెడ్డమాట చెప్పినట్టు కాదు, నాకు సాయం చేస్తున్నట్టే చెప్పారు. ఆయన కసిరి వద్దని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. నిర్ణయం తెచ్చి నా ఒళ్ళో పెట్టేశారు.

ఆ తర్వాతి రోజుల్లో ఒకచోట కూర్చున్న గుర్తు లేదు. భోజనం బాక్సు మూత పెట్టేసి యార్డులోకి వెళ్ళి ఆ ఇంజను చుట్టూ తిరిగేదాన్ని. ఒకసారి స్టార్టు చేయించాను కూడా. ఒక్క పిలుపుకి పలికింది. పిన్ని గట్టు మీద ఇది ఉంటే చాలు కదా అనుకునేదాన్ని. వెంటనే ఆ రోడ్డు పక్క కాటుక పొగ గుర్తొచ్చేది. పిన్నికి ఒకటి వదిలితే రేపు మేనేజరుగారి బావమరిదికి ఒకటి, ఇంకొకరి వియ్యంకుడికి ఒకటి. అప్పుడిక మేము తగ్గించినదేమిటి? ఓడలకి కేబుళ్ళు తగిలించి ఫొటోలు దిగడం తప్ప? ఇంతా ఆలోచించి బస్సెక్కితే, ముమ్మిడివరం వచ్చేసరికి ఆలోచన తిరగబడేది. లోకంలో పొగంతా నా పిన్ని ఇంజనులోంచే వస్తోందా? మా ఆయన్ని అడిగితే, “ఏం చేసినా నువ్వు నిద్రపోవు. అదేదో తొందరగా చేసెయ్” అన్నారు. ఆయన మీద కూడా కోపం వచ్చింది.

చివరికి బెజ్జం పెట్టమనే సంతకం పెట్టాను. పిన్నికి ఫోను చేద్దామని తీసి, పెట్టేసి, మళ్ళీ తీసి, సాయంత్రం చేద్దాంలే అనుకున్నాను.

ఆ సాయంత్రమూ చెయ్యలేదు. డ్రిల్లు మిషను యార్డులోకి వచ్చిన పొద్దున్నే గేటు దగ్గర్నుంచి ఫోను వచ్చింది. మీ పిన్నిగారంట మేడం, వ్యానుతో వచ్చేరు అని. ఇంజను బయటికి వెళ్ళే రోజు ఇదని తుక్కువాడు చెప్పాడు కాబోలు. వెళ్ళి చూద్దును కదా, వ్యానులో గొలుసులు, ఇంజను కట్టడానికి మోకులు, ఇద్దరు మనుషులు. పిన్ని మంచి చీర కట్టుకుని, చేతిసంచీలో పసుపు, కుంకం, కొబ్బరికాయ పెట్టుకుని దిగింది. ఇంజనుకి బొట్టు పెట్టి ఎక్కించుకోవాలని. నన్ను చూసి, “పొద్దున్నే బయల్దేరేం. నీకు శ్రమెందుకని అన్నీ మేమే తెచ్చుకున్నాం” అంది.

అక్కడ, గేటు పక్కన వేపచెట్టు కింద నిలబడి చెప్పాను. అంతా చెప్పాను. నిబంధన నాదేనని కూడా. పిన్ని నా మొహంలోకి చూస్తూ వింది. తర్వాత, “ఒకసారి చూడొచ్చా దాన్ని?” అంది.

తీసుకెళ్ళాను. డ్రిల్లు వేసేవాడు మమ్మల్ని చూసి ఆగాడు. పిన్ని ఇంజను మీద చెయ్యి వేసి, మేకల సంతలో మేకని చూసినట్టు అటూ ఇటూ తిరిగి చూసింది. “ఆడుతోందా?” అంది. ఆడుతోంది పిన్నీ అన్నాను. “ఆడేదాన్నే?” అంది. నేను వాడికి కానివ్వమని సైగ చేశాను. పోత ఇనుములోకి డ్రిల్లు దిగే చప్పుడు పళ్ళలోకి వచ్చింది. నల్లటి రజను కింద రాలింది. కాసేపటికి బెజ్జంలోంచి పాత నూనె కాస్త కారింది. పిన్ని కొంగుతో ముక్కు మూసుకుంది కాని మొహం తిప్పుకోలేదు.

అయిపోయాక నా వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. “నీ ఓడకి కరెంటిచ్చి ఇంజను ఆపమన్నావు. బానే ఉందే. మరి నా చెరువుకేమిచ్చి ఆపమంటున్నావు?”

పెద్ద ఆఫీసుకి అర్జీ పెడదాం, చెరువులకి విడిగా లైను అడుగుదాం, సోలారు పలకలు చూద్దాం అని ఏవేవో అన్నాను. పిన్ని తల ఊపింది. సంచీలోంచి కొబ్బరికాయ తీసి డ్రిల్లు వేసినవాడి చేతిలో పెట్టి, “పచ్చడి చేసుకోండి బాబూ” అని వ్యానెక్కేసింది.

అర్జీలు పెట్టాను. అబద్ధం కాదు. అమలాపురంలో కరెంటాఫీసు మెట్లు అరిగేలా తిరిగాను. ప్రతివాళ్ళూ కూర్చోబెట్టి టీ ఇచ్చి, “తప్పకుండా చూద్దామండి” అన్నారు. నేను పులుసు బాగుందన్నట్టే ఉంది వాళ్ళ మాట.

తర్వాత ముసురు పట్టింది. మబ్బు పడితే నీళ్ళలో గాలి అసలే తక్కువ. ఒక మధ్యాహ్నం ఈదురుగాలికి మట్టలు తీగల మీద పడి కరెంటు పోయింది. పిన్ని జనరేటరు కాసేపు ఆడి, దగ్గి, బిగుసుకుపోయింది. ఫోనులో పిన్ని ఒక్క మాటే అంది, “తేలిపోతున్నాయే.” నేను సెలవు చీటీ కూడా రాయకుండా బయల్దేరాను. బస్సు అమలాపురం దాటదు, ఆటో రాజోలు దాటదు, ఒక్కచోట స్థిరంగా కూర్చోలేను, డ్రైవరుని విసిగించి తిట్లు తిన్నాను.

వెళ్ళేసరికి చెరువు చుట్టూ జనం. చుట్టుపక్కలవాళ్ళు, పనివాళ్ళు, ఎప్పుడూ నోరు పారేసుకునే ఆ మరుదులతో సహా మొలలోతు నీళ్ళలో దిగి కొబ్బరి మట్టలతో నీళ్ళు బాదుతున్నారు, కాస్త గాలి కలుస్తుందని. ఒకాయన ఆక్సిజను బిళ్ళలు వెదజల్లుతున్నాడు. జనరేటరు కోసం మనుషుల్ని నలువైపులకీ పంపారు. ఎవరి చెరువుకి వాళ్ళకే కావాలి, ఎవరిస్తారు? నేను చెప్పులు వదిలి, చీర ఎగదోపుకుని దిగాను. ఓ మట్ట అందుకుని బాదాను. భుజాలు పడిపోయేదాకా బాదాను. రొయ్యలు నా మోకాళ్ళకి తగులుతూ పైకి వస్తున్నాయి, మీసాలు నీటిమీద వణుకుతున్నాయి. గాలి తెరిపి ఇచ్చినప్పుడల్లా రోడ్డు వైపు నుంచి వేలంలో పోయిన ఆ పసుపు ఇంజను చప్పుడు నిదానంగా, ఆరోగ్యంగా వినపడుతూనే ఉంది. అంత అసహ్యించుకున్న చప్పుడు. ఆ క్షణాన అది పిన్ని గట్టు మీద ఉంటే చాలని ఏడ్చాను. నీళ్ళు మొహం మీద చిందుతున్నాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఇక లాభం లేదని పిన్నే చెప్పింది. “వలెయ్యండి. ఉన్నకాడికి పట్టేద్దాం.” ఇంకొన్నాళ్ళు ఉంటే ఎదిగేవి. చిటికెన వేలంత రొయ్యల్ని ఐసు పెట్టెల్లో పోసి లారీకి ఎత్తారు. కొన్న కంపెనీ మనిషి పెదవి విరిచాడు. పిన్ని అతనితో బేరమాడలేదు. బేరమాడని పిన్నిని నేను అదే మొదటిసారి చూడడం. నన్ను ఒక్క మాటా అనలేదు. పొడి తువ్వాలు ఇచ్చి, జలుబు చేస్తుంది తల తుడుచుకోమంది. తిట్టి ఉంటే ఇంటికి వచ్చి పడుకునేదాన్నేమో.

ఆ తర్వాత చాలా రోజులు పిన్ని ఫోను చెయ్యలేదు. నేను చేస్తే పొడిపొడిగా మాట్లాడేది. ఈలోగా మా పోర్టుకి పచ్చదనం తాలూకు మెచ్చుకోలు పత్రం ఒకటి వచ్చింది. మేనేజరుగారు నన్ను ముందుకి లాగి ఫొటోలో నిలబెట్టారు. అందులో నా చూపు ఎటో ఉంది.

ఆవేళ నేను కంటెయినర్ల యార్డులో ఉన్నాను. ఫ్యాక్టరీల్లో శుభ్రం చేసి గడ్డకట్టించిన సరుకు తెల్లటి చలిపెట్టెల్లో ఓడ కోసం అక్కడ ఎదురుచూస్తుంది. ఒక్కో పెట్టెకీ ఒక్కో ప్లగ్గు. ఒక లైను పోతే రెండోది రెప్పపాటులో అందుకునేలా మేమే ఏర్పాటు చేశాం, డీజిలు బొట్టు అవసరం లేకుండా. ఆ ప్లగ్గులు చూస్తూ నడుస్తుంటే ఫోను మోగింది. పిన్ని.

“ఏవే, తిన్నావా?”

“తిన్నాను పిన్నీ. నువ్వో?”

“ఆయ్. చెరువు మీ బాబాయి తమ్ముళ్ళకి వదిలేసేనే. నిన్నొచ్చి గట్లు కొలుచుకెళ్ళేరు.”

నేను ఒక చలిపెట్టె పక్కన ఆగాను. పిన్నే మళ్ళీ అందుకుంది.

“మన రొయ్యలు కొన్న కంపెనీ సరుకు మీ పోర్టు మీదనుంచే పోతుందంట గదా. వచ్చేయా అవి?”

చుట్టూ చూశాను. అన్ని పెట్టెలూ ఒక్కలాగే తెల్లగా ఉన్నాయి, ఒక్కలాగే సన్నగా మోగుతున్నాయి.

“వచ్చే ఉంటాయి పిన్నీ. ఇక్కడే చలిపెట్టెల్లో ఉంటాయి.”

“మరక్కడ కరెంటు పోతేనో? పాడైపోవూ?”

అబద్ధం చెప్పాలని ఎంతగానో అనిపించింది. “పోదు పిన్నీ. ఇక్కడ ఒక్క క్షణం కూడా పోదు.”

ఫోనులో పిన్ని ఊపిరి వినపడింది.

“పోన్లేవే. బతికున్నప్పుడు లేకపోయినా, చచ్చేకైనా వాటికి కరెంటొచ్చింది.”